పిన్నిగారి కుర్చీలో బాబాయ్

శిక్షణ గది. మధ్యలో బల్ల, చుట్టూ మూడు కుర్చీలు, ఒక గోడకి నిలువెత్తు అద్దం. పేషెంటు కుర్చీలో ఇళ్ళకి రంగులేసే బాబాయ్. ఎదురుగా డాక్టరు చదివే అబ్బాయి, నర్సు చదివే అమ్మాయి.

"ఏమోయ్ డాక్టరు బాబూ, కుర్చీ అంచున అలా వేలాడతావేంటి, టిక్కెట్టు లేకుండా బస్సెక్కినోడిలా? పేషెంటుని నేనా, నువ్వా?"

"మీరే సార్. అంటే, మీరు నిజం పేషెంటు కాదు. పేషెంటు వేషం..."

"అదే కదా. నాకు లేని రోగం నువ్వు కనిపెట్టాలి. కనిపెట్టకపోతే నీకు మార్కులు పోతాయి. కనిపెడితే నా పరువు పోతుంది. భలే ఉందయ్యా మీ చదువు!"

"బాబాయ్‌గారూ, మీకు దణ్ణం పెడతా, ఆటపట్టించకండి. రేపే మా పరీక్ష. ఇదే ఆఖరి రిహార్సలు."

"నేనేం చేశానమ్మడూ? మీ పిన్నిగారికి ఒళ్ళు వెచ్చబడింది. 'పిల్లల పరీక్ష పాడవుద్ది, ఇవాళ మీకెలాగూ పని లేదు, మీరెళ్ళి నా కుర్చీలో కూర్చోండి. తాగేవాళ్ళలా మాట్లాడితే చాలు. మీకు చేతకాని పనేలెండి, ఎలాగోలా నెట్టుకురండి' అంది. వచ్చాను. ఇంతకీ ఆ అద్దం ఏంటి, దువ్వెన కూడా పెట్టకుండా?"

"అటు చూడకండి. దాని వెనక మా ఫార్మసీ అమ్మాయి కూర్చుంది. ఆమెకి మనం కనపడతాం, మనకి ఆమె కనపడదు. మేం తప్పు చేస్తే అద్దం మీద కొడుతుంది."

"అంటే డాక్టరు, నర్సు, మందులిచ్చే పిల్ల, ముగ్గురూ చేతులు కలిపితే గానీ ఒక్క తాగుబోతు దొరకడన్నమాట."

"తాగుబోతు అనకూడదు సార్."

"మరేమనాలి బాబూ?"

"మద్యం వాడకం వల్ల ఇబ్బంది పడుతున్న వ్యక్తి."

"ఆ పేరుతో పిలిస్తే, నువ్వు పిలవడం పూర్తయ్యేలోపు ఆ వ్యక్తి ఇంకో గ్లాసు దించేస్తాడయ్యా."

"అదుగో, అద్దం కొట్టింది! మొదలుపెట్టమంటోంది. అడుగు, డాక్టరూ."

"ఊఁ. నమస్కారం సార్. నేను డాక్టరు చదువుతున్నాను, ఈమె నర్సు చదువుతోంది. మీ అనుమతి ఉంటే మీ మద్యం వాడకం గురించి కొన్ని ప్రశ్నలు అడగొచ్చా?"

"వద్దు."

"...వద్దా?"

"అనుమతి అడిగావు. ఇవ్వలేదు. నమస్కారం. ఇంక టీ వస్తుందా?"

"సార్, స్క్రిప్టులో మీరు 'సరే' అంటారు!"

"మళ్ళీ కొట్టిందేంటమ్మడూ? నన్నా, ఈ బాబునా?"

"ఇతన్నే. పేషెంటుతో స్క్రిప్టు ఊసెత్తకూడదు. జరుగు, నేనడుగుతా. బాబాయ్‌గారూ, మీకు ఈ ప్రశ్నలు ఇష్టం లేదన్నమాట."

"లేదు."

"మీకు ఇష్టం లేని విషయం ఎవరైనా అడిగితే మీకు ఇబ్బందిగా ఉంటుందన్నమాట."

"ఉంటుంది. ఏంటి, నేనన్నదే తిప్పి నాకే చెప్తున్నావ్?"

"నేను మీ మాటే తిప్పి మీకు చెప్తున్నానని మీకనిపిస్తోందన్నమాట."

"ఓరి నాయనో! బాబూ, ఈ పిల్లకేమైంది?"

"అలాగే నేర్పారు సార్. పేషెంటు మాటని అద్దంలో చూపించినట్టు చూపించాలి. అప్పుడు పేషెంటు మనసు విప్పుతాడు."

"మనసు కాదు, చొక్కా విప్పి చేతిలో పెట్టి పారిపోతాడు. సరే, అడగండి. అనుమతిచ్చేశా."

"థాంక్యూ సార్. మీరు మద్యం ఎంత తరచుగా తీసుకుంటారు?"

"మద్యమా? అంటే ఎలా ఉంటుంది బాబూ అది? చెంచాతో తింటారా?"

"సార్..."

"లేదూ, అన్నంలో కలుపుకుంటారా? నేను ముట్టి ఎరగను. మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు, నా అంత అమాయకుడు లేడని."

"బాబాయ్‌గారూ, మీరు వేయాల్సింది తాగే మనిషి వేషం. తాగని మనిషి వేషం కాదు."

"తాగడం తెలీనివాణ్ణి తాగినట్టు చేయమంటే ఎలా చేస్తానమ్మడూ? సరే, కాచుకో. ఇదుగో, తూలుతున్నా. హహ్హహ్హా! ఎవడ్రా అక్కడ! నేనెవరో తెలుసా! ...ఎలా ఉంది?"

"మొన్న నాటకంలో రాక్షసుడు ఇలాగే వచ్చాడు సార్."

"అంత బాగా వచ్చిందా!"

"బాలేదు సార్. తాగినవాళ్ళు అలా ఉండరు. పిన్నిగారు చేస్తే ఎంత సహజంగా ఉండేదో. ఆమె ఆ కుర్చీలో కూర్చుని, పై గుండీ విప్పినట్టు చెయ్యి పెట్టుకుని, ఒక కాలు ముందుకి చాపేవారు. ఇంకేం అనకముందే మాకు గదంతా వాసనొచ్చినట్టుండేది."

"ఆగాగు. పై గుండీయా? మీ పిన్ని మగాడి వేషం వేస్తుందా?"

"స్క్రిప్టులో ఉంది మగాడే బాబాయ్‌గారూ. మొదట వేయాల్సినాయన ఒకరోజు రాలేదు, ఆఫీసులో ఏవో కాగితాలిచ్చిపోడానికొచ్చిన పిన్నిగారు 'నేను కూర్చుంటాలేండి' అన్నారు. ఆమెని చూశాక మా మేడమ్ ఇంకెవర్నీ ఆ కుర్చీ ఎక్కనివ్వలేదు. పక్క కాలేజీవాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్తారు. ఎంతమంది డాక్టర్లు ఆమె దగ్గరే తాగుడు గురించి నేర్చుకున్నారో!"

"మా ఇంట్లో ఇంత పెద్ద నటి ఉందని నాకే తెలీదే! నాతో 'కాలేజీలో కూర్చుని వస్తా' అంటుంది అంతే. హహ్హ! పాపం, తాగినవాడి మొహం ఎరగని మనిషి. టీవీ చూసి పట్టేసుంటుంది."

"మీరు మాత్రం పట్టలేకపోయారు సార్. నిజం చెప్పాలంటే, ఇంత ఘోరంగా తాగుబోతు వేషం వేసినవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు."

"ఏంటీ?"

"మీకు ఈ పాత్ర మీద పట్టు లేదు."

"నాకు! పట్టు లేదా! నాకు!"

"బాబాయ్‌గారూ, కోపం తెచ్చుకోకండి..."

"కోపం కాదమ్మడూ. ఈ బాబు మూతికి ఇంకా మీసం సరిగ్గా మొలవలేదు, నాకు తాగుబోతుతనం నేర్పుతున్నాడు. ఇలా దగ్గరికి రండి. ఇంకా దగ్గరికి. ఈ గదిలో అన్న మాట గది దాటదు కదా?"

"దాటదు సార్. పేషెంటు చెప్పింది రహస్యం. మేం ప్రమాణం చేశాం."

"అద్దం వెనక పిల్ల?"

"ఆమె కూడా చేసింది సార్."

"అయితే వినండి. నేను తాగుతాను. నిజం తాగుడు. రోజూ సాయంత్రం, పని నుంచి రాగానే. పెళ్ళికి ముందు మీ పిన్ని ఒక్కటే అడిగింది, 'తాగుతారా?' అని. 'ఛ' అన్నాను. ఆ ఒక్క 'ఛ' మీదే మా సంసారం ఇప్పటిదాకా నడుస్తోంది. 'తాగే మనిషితో ఒక్కపూట కూడా ఉండను, మా అక్క దగ్గరికి పోతా' అని అప్పుడే చెప్పేసింది. అన్నది చేసే మనిషి. అందుకని ఆవిడ చెవిన పడిందంటే నా పని అయిపోయినట్టే. ఇవాళ నన్ను పిలిచి 'తాగేవాళ్ళలా మాట్లాడండి, మీకు చేతకాదులెండి' అంటుంటే నవ్వాపుకోలేక బాత్రూములోకి పోయి నవ్వొచ్చా."

"సార్..."

"ఊఁ?"

"అద్భుతం సార్!"

"ఏంటి అద్భుతం?"

"ఇప్పుడు పట్టుకున్నారు పాత్రని! ఆ గొంతు తగ్గించడం, ఆ దొంగచూపు... ఇదే పట్టుకోండి. వదలకండి!"

"ఒరే నాయనా, పాత్ర కాదురా, నేనే!"

"'నేనే'! అబ్బ! చూశావా, ఎలా లీనమైపోయారో!"

"అమ్మడూ, నువ్వైనా చెప్పు ఇతనికి."

"నేను... నేనేం చెప్తాను బాబాయ్‌గారూ. మీరు తాగుతున్నానని మీకనిపిస్తోందన్నమాట."

"అనిపించడమేంటే పిల్లా, గొంతులోకి పోసుకుంటుంటే!"

"సార్, ఆ ఊపులోనే చెప్పండి. రోజుకి ఎంత?"

"పావు సీసా. తక్కువైతే ఆనదు, ఎక్కువైతే మీ పిన్ని కనిపెట్టేస్తుంది."

"తాగాక ఏం జరుగుతుంది?"

"ఏం జరుగుతుందేంటి, జరగాల్సిందే. తూలతా. పాట ఎత్తుకుంటా. వీధి గుమ్మం దాకా పోయి లోకంలో ఉన్న అందరినీ క్షమించేసి వస్తా."

"తర్వాత మత్తుగా నిద్ర పడుతుంది."

"ఎక్కడ పడుతుంది! కన్ను మూతపడితే ఒట్టు. పైకప్పు చూస్తూ పడుకుంటా. ఏ గోడకి ఏ రంగు వేయాలో అన్నీ అప్పుడే తడతాయి. అంత పవరున్న సరుకు."

"సార్, నిద్ర రావాలి. పుస్తకంలో అలాగే ఉంది."

"నీ పుస్తకం ఏ బ్రాండు తాగి రాశారో!"

"పోనీ పొద్దున్నే లేవగానే తలనొప్పి? వికారం? నోరు ఎండిపోవడం?"

"ఏమీ లేదు బాబూ. కడిగిన గాజు గ్లాసులా లేస్తా. ముందంతా ఉండేవి, తల నిమ్మకాయలా పిండేసినట్టుండేది. ఏడాదిగా అవన్నీ పోయాయి. అలవాటు ముదిరాక ఒంటికి పట్టేస్తుంది కాబోలు."

"చేతులు ముందుకి చాపండి సార్. వేళ్ళు విడదీసి... ఇదేంటి, కొంచెం కూడా వణకట్లేదు!"

"ఎందుకు వణుకుతాయి? కిటికీ చువ్వకీ గోడకీ మధ్య సన్న బ్రష్షుతో గీత లాగితే వెంట్రుక వాసి తేడా రాదు. గోడకి లప్పం పట్టి నున్నగా చేశానంటే దాని మీద బొంగరం తిరుగుతుంది."

"చూడు సిస్టర్, అన్నీ తప్పుతున్నారు. నిద్ర లేదంటారు, తలనొప్పి లేదంటారు, చేతులు కూడా వణికించరు. సార్, కాస్త వణికించొచ్చు కదా? మాకోసం?"

"వణక్కపోతే ఎలా వణికిస్తానయ్యా!"

"డాక్టరూ, ఆ నిద్ర సంగతీ తలనొప్పి సంగతీ వదిలెయ్. తర్వాత ప్రశ్నకి పోదాం."

"ఎలా వదిలేస్తాను సిస్టర్? రేపు పరీక్షలో అసలు మార్కులన్నీ వాటికే!"

"వదిలెయ్ అన్నానా! బాబాయ్‌గారు అలసిపోతున్నారు."

"నేనేం అలసిపోలేదమ్మడూ. అడగనీ. ఒక డాక్టరు నా తాగుడు గురించి ఇంత శ్రద్ధగా అడగడం ఇదే మొదటిసారి."

"సరే సార్. మీ మోతాదు ఈ మధ్య పెరిగిందా? అంటే, ఇదివరకటి కంటే ఎక్కువ తాగితే గానీ ఎక్కట్లేదా?"

"నా సరుకైతే అంతే, పావు సీసా. ఎక్కడం కూడా అంతే ఎక్కుద్ది. కానీ మొన్న ఒక చోట గోడలు చూసొద్దామని పోతే, ఆ మేస్త్రీ బలవంతం మీద ఒక్కటంటే ఒక్క గ్లాసు తాగా. అక్కడే ఇసక్కుప్ప మీద పడిపోయా. మోసుకొచ్చి ఆటోలో వేశారు."

"రోజూ పావు సీసా తాగేవాళ్ళు ఒక్క గ్లాసుకి పడిపోయారా?"

"కల్తీ సరుకు బాబూ. చూడగానే అనుమానమొచ్చింది, రంగే వేరు. నాది ముదురు రంగు. గోడకేసే రంగులో చిన్న తేడా వచ్చినా నా కంటికి దొరుకుతుంది, సరుకు సంగతి చెప్పాలా? ఈ ఏడాదిగా నాకు దొరికేది మాంచి పాత సరుకు. నాలిక మీద కాస్త వగరు తగులుతుంది. ఆ వగరే గొప్ప."

"సిస్టర్, ఏంటి నవ్వుతున్నావ్?"

"నవ్వా? దగ్గు. దగ్గొచ్చింది."

"అద్దం కూడా కొడుతోంది. ఎందుకు కొడుతోంది? మనం తప్పేం చేశాం?"

"ఆమెకీ దగ్గొచ్చుంటుంది."

"అద్దం మీద కొడుతూ దగ్గుతారా? సరే. సార్, మళ్ళీ పాత్రలోకి రండి. మీరు కొన్ని చోట్ల తప్పారు గానీ, పిన్నిగారు చేసినట్టు చేస్తే సరిపోతుంది. నేను అందిస్తాను. సీసా ఎక్కడ దాస్తారు అని అడిగితే పిన్నిగారు ఏమంటారో తెలుసా?"

"డాక్టరూ, అది వద్దు..."

"ఉండు సిస్టర్, ఆయనకి ఉపయోగపడుద్ది. పిన్నిగారు అటూ ఇటూ చూసి, 'రంగుల్లో కలిపే టర్పెంటైన్ సీసాల వెనక వరసలో పెడతా. ఆ వాసనకి మా ఇంటావిడ అటు రాదు' అంటారు. ఎంత సహజం సార్! మా మేడమ్ చప్పట్లు కొట్టారు."

"టర్పెంటైన్ సీసాల వెనకా?"

"అవును సార్. తర్వాత, 'మీ భార్యకి తెలీదా?' అంటే ఒక కన్ను మూసి, 'సోంపు నములుతా. తూలితే మోకాలు పట్టేసిందంటా. నమ్మేస్తుంది పిచ్చిది' అంటారు. ఆ 'పిచ్చిది' అన్నప్పుడు చూడాలి సార్, ఎంత గర్వమో ఆ మొహంలో!"

"పిచ్చిది... అందా?"

"ప్రతిసారీ అంటారు. తర్వాత పాట ఎత్తుకుంటారు. ఎప్పుడూ ఒకే పాట. రెండో చరణం దగ్గర మాటలు మర్చిపోయి, 'లలలా' అని మొదటికొస్తారు."

"చాలు డాక్టరూ. ఇంక ఆపు."

"ఎందుకు? బాబాయ్‌గారికి పనికొచ్చేదే కదా... సార్, మీకేమైంది? మొహం అలా అయిపోయిందేంటి? ఇది కూడా నటనేనా? చాలా బావుంది, కానీ కాస్త ఎక్కువైంది."

"బాబూ."

"సార్."

"రెండో చరణం నాకు రాదు."

"అదే కదా సార్, పాత్రకి కూడా రాదు... ఆఁ? ఆగండి. మీకు... సార్, మీరు ఇందాక చెప్పిందంతా..."

"అంతా."

"పావు సీసా?"

"పావు సీసా."

"సిస్టర్! ఈయన నిజం పేషెంటు!"

"తెలుసు."

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"అరవకు. ఆయన్ని కాసేపు ఊపిరి తీసుకోనీ. బాబాయ్‌గారూ, మంచినీళ్ళు తాగుతారా?"

"అంటే నేను... ఇన్నాళ్ళూ నేను గోడ చాటున దాక్కున్నాననుకుని, గాజు తలుపు వెనక నిలబడ్డానన్నమాట. ఆవిడ చూస్తూనే ఉంది. ఊళ్ళో డాక్టర్లందరికీ నన్ను వేసి చూపించింది. నా తూలుడు చూసి మార్కులేసుకున్నారు! నేనేమో వీధిలో ఏ డాక్టరు ఎదురొచ్చినా సోంపు నముల్తూ దర్జాగా పోయేవాణ్ణి!"

"మీకు సిగ్గుగా అనిపిస్తోందన్నమాట."

"అమ్మడూ, ఇంకోసారి 'అన్నమాట' అన్నావంటే ఆ అద్దం నేనే పగలగొడతా."

"సారీ బాబాయ్‌గారూ. ఏమీ అనను."

"అక్క దగ్గరికి పోతానంది కదా. మరి పోలేదే? తెలిసి కూడా ఎందుకు పోలేదు?"

"..."

"మాట్లాడవేంటి?"

"ఏమీ అననన్నాను కదా."

"సార్, నేనొకటి అడగొచ్చా? ఇది స్క్రిప్టులోదే, కానీ ఇంకేం అడగాలో నాకు తెలీట్లేదు."

"అడుగు బాబూ. ఇంక దాచడానికేముంది నా దగ్గర."

"ఒకటి నుంచి పది దాకా ఒక గీత ఊహించుకోండి. ఒకటంటే తాగుడు తగ్గించే ఆలోచనే లేదని. పదంటే ఇవాళే మొదలుపెడతానని. మీరెక్కడున్నారు?"

"మూడు."

"మూడా. రెండెందుకు కాలేదు?"

"ఏంటీ?"

"రెండెందుకు కాలేదు సార్?"

"నాలుగెందుకు కాలేదని తిడతావనుకుంటే రెండెందుకు కాలేదంటావేంటయ్యా! ఎక్కువ వేసుకున్నానా? ఒకటి తీసెయ్యమంటావా?"

"అలాగే అడగమని నేర్పారు సార్. ఎందుకో నాకూ తెలీదు."

"రెండెందుకు కాలేదంట! ఎవడు రాశాడ్రా ఈ ప్రశ్న... రెండెందుకు కాలేదంటే..."

"తొందరేం లేదు బాబాయ్‌గారూ."

"నేను పాట ఎత్తుకోగానే మీ పిన్ని వంటింట్లోంచి వచ్చి, దారిలో ఉన్న స్టూలు తీసి గోడవారకి పెడుతుంది. ఏ రోజూ మర్చిపోదు. ఇల్లు ఊడ్చుకోడానికి అనుకున్నా. ఆ వేళప్పుడు ఎవరైనా ఊడుస్తారా? నాకా ఆలోచనే రాలేదు. నేను తట్టుకుని పడతానని తీసేది. మళ్ళీ నేను 'మోకాలు పట్టేసిందే' అంటే, 'అయ్యో, నూనె రాయనా?' అనేది. నవ్వకుండా అనేది బాబూ! నవ్వకుండా! మూడు కాదు. ఏడు వేసుకో. ఎనిమిది... వేసుకో నాయనా, నీ ఇష్టం. నేను తగ్గిస్తా. ఇవాళ్టి నుంచే తగ్గిస్తా. ఆవిడకి నా నోటితో నేనే చెప్తా, 'ఆ రోజు ఛ అన్నది అబద్ధమే' అని. ఫోను కలపండి."

"సిస్టర్, విన్నావా! ఆయనే అన్నారు! తన నోటితో తనే అన్నారు! రేపు పరీక్షలో మనం రాబట్టాల్సింది ఇదే కదా!"

"విన్నాను. బాబాయ్‌గారూ, ఫోనెందుకు, ఇంటికెళ్ళి నిదానంగా చెప్పండి. పిన్నిగారు జ్వరంతో పడుకుని ఉంటారు."

"ఇంటికెళ్ళేలోపు మూడుకి దిగిపోతానమ్మడూ, నా సంగతి నాకు తెలుసు. ఇప్పుడే చెప్పాలి. నా ఫోను ఇంట్లో మర్చిపోయా, నీది ఇలా ఇవ్వు."

"నా దాంట్లో... నా దాంట్లో సిగ్నలు లేదు."

"ఉంది సిస్టర్, నిండుగా కనపడుతోంది. ఇలా ఇవ్వు. పేషెంటు మార్పు కోరుకున్న క్షణంలోనే చేయూతనివ్వాలి, పుస్తకంలో ఉంది. పిన్నిగారి నంబరు ఇదే కదా? సార్, మీరు పాపం ఒక్కరే చెప్పక్కర్లేదు, మేం పక్కనే ఉంటాం. స్పీకరు పెడుతున్నా."

"స్పీకరు వద్దు డాక్టరూ! నా మాట విను, స్పీకరు..."

"మోగుతోంది."

"అద్దం అంత గట్టిగా కొడుతోందేంటి బాబూ, పగిలిపోయేలా ఉంది?"

"సంతోషం సార్. మనం గెలిచామని. ఉష్... ఎత్తారు. చెప్పండి సార్."

"ఊఁ... ఏమే, నేను..."

"హలో, అమ్మడూ? వినపడట్లేదు తల్లీ, పొయ్యి దగ్గరున్నా, నువ్వే విను. ఆయన్ని ఇంకో అరగంట ఎలాగోలా అక్కడే మాటల్లో పెట్టు. నిన్న తెచ్చి దాచుకున్న కొత్త సీసా ఇప్పుడే తూములో పారబోశా. నువ్వు చెప్పినట్టే వాసనకి ఒక్క మూత ఉంచా, కానీ టీ డికాషన్ ఇంకా చల్లారలేదు. వేడి మీద పోస్తే గాజు పగులుద్ది. ఏడాదిగా ఉత్త టీ నీళ్ళకే అంత చక్కగా తూలుతున్నారు, పాపం, ఇవాళ ఖాళీ సీసా చూస్తే తట్టుకోలేరు!"